పాత పొయ్యిలో కొత్త పొయ్యి: వంటింటి పొగను బయటికి పంపడం ఎలా?



మీ ఇంటి మనిషికి ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. మందులు, ఇంజక్షన్లు ఇచ్చాక ఊపిరి తేలికైంది. డాక్టరు గారు చీటీ రాసి, "పొగకు దూరంగా ఉంచండి" అని చెప్పి పంపించారు. ఇంటికి పోయిన పది రోజులకే మళ్ళీ దగ్గు, మళ్ళీ పిల్లికూతలు. "మందు పని చేయలేదా?" అని మీరు అడుగుతారు.

పొగ అనగానే మనకు బీడీ, చుట్ట గుర్తుకు వస్తాయి. బీడీ ముట్టని అవ్వకు పొగ ఎక్కడిది అనుకుంటాం. కానీ ఆ అవ్వ నలభై ఏళ్ళుగా రోజుకు నాలుగైదు గంటలు కట్టెల పొయ్యి ముందే కూర్చుంది. ఆమెకు వాడుతున్న మందు ఎంత మంచిదైనా, ఇంట్లో అదే పొగ ఉంటే రోగం తిరగబెడుతుంది. అందుకే ఈ పాఠంలో, ఉన్న పొయ్యిని పూర్తిగా పగలగొట్టకుండా, దానిలోనే పొగ తక్కువగా వచ్చే పొయ్యిని బిగించి, పొగను గొట్టం ద్వారా బయటికి పంపడం ఎలాగో తెలుసుకుందాం.

పొగలో ఏముంది?

కట్టె పూర్తిగా మండితే పొగ చాలా తక్కువ వస్తుంది. గాలి చాలకపోయినా, కట్టె పచ్చిగా ఉన్నా సగం మండి సగం పొగ అవుతుంది. ఆ పొగలో కంటికి కనిపించని సన్నని మసి కణాలు ఉంటాయి. అవి ముక్కులో ఆగవు, గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల చివరి వరకు పోతాయి. వాటితోపాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.

ఈ పొగ వలన వచ్చే జబ్బులు ఇవి:

1. సి.ఓ.పి.డి. అనే దీర్ఘకాలపు ఆయాసం. ఒకసారి పాడైన ఊపిరితిత్తి తిరిగి పూర్వస్థితికి రాదు. ఇంకా పాడవకుండా కాపాడుకోవడమే మన చేతిలో ఉంది.
2. అయిదేళ్ళలోపు పిల్లలలో న్యుమోనియా.
3. ఉబ్బసం ఉన్నవారికి మాటిమాటికీ ఆయాసం.
4. గర్భిణీ స్త్రీలకు తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం.
5. కంటి మంట, నీరు కారడం, త్వరగా శుక్లాలు రావడం.
6. గుండెజబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సరు.

ఇళ్ళలోని పొగ వలన 2020 సంవత్సరంలో ప్రపంచమంతటా సుమారు 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వేసింది. వారిలో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేళ్ళు నిండని పిల్లలు. తల్లి చంకలోనో, పొయ్యి పక్కన ఉయ్యాలలోనో ఉండే బిడ్డలే వీరు.

మన ఇళ్ళలో పొగ ఎటు పోతోంది?

శ్రీశైలం, సున్నిపెంట, ఆత్మకూరు, దోర్నాల చుట్టుపక్కల మూడు రకాల వంటిళ్ళు చూస్తాం.

చెంచు గూడేలలోని బోద గుడిసెలో పొగ కప్పులోనుండి, తడికల సందులలోనుండి మెల్లగా బయటికి పోతుంది. కానీ చలికాలం రాత్రులు నిప్పు ఇంటి మధ్యనే ఉంటుంది. కొండమీద చలి ఎక్కువ కాబట్టి అందరూ దాని చుట్టూ పడుకుంటారు. పగలు వంట పొగ, రాత్రి చలిమంట పొగ, రెండూ ఒకే గదిలో.

కర్నూలు, కడప పల్లెలలోని మట్టి మిద్దెలో గోడలు మందం, కిటికీలు తక్కువ. కప్పులో ఒక గవాక్షి ఉంటుంది. వాన వస్తే దానిమీద బండో, పెంకో మూస్తాం. ఆ రోజు పొగంతా ఇంట్లోనే.

కాలనీ ఇండ్లలో సిమెంటు కప్పు వేసి, వంటగది అని చిన్న గది కట్టి ఉంటారు. అందులో కట్టెల పొయ్యి పెడితే పొగ పోవడానికి తలుపు తప్ప దారి లేదు. గుడిసె కంటే ఇక్కడే పొగ ఎక్కువ నిలుస్తుంది. పక్కా ఇల్లు వచ్చింది కదా అని సంతోషించే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

గ్యాసు ఉంటే మొదట గ్యాసే

రోగి ఉన్న ఇంట్లో గ్యాసు పొయ్యి అన్నిటికంటే మేలు. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం క్రింద మహిళా సంఘాలవారికి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల పథకం మొదలుపెట్టింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే పథకం ప్రారంభించింది. మీకు వర్తిస్తుందో లేదో గ్రామ సచివాలయంలో అడగండి.

అయినా చాలామంది టీకి, కూరకు గ్యాసు వాడి, సంగటికి, స్నానపు నీళ్ళకు, పశువుల కుడితికి కట్టెల పొయ్యే వెలిగిస్తారు. సిలిండరు అయిపోతే మళ్ళీ కట్టెలే. ఇది తప్పని మేము అనము. కానీ ఆ రెండో పొయ్యి పొగే రోగిని తిరిగి ఆసుపత్రికి తెస్తుంది. కాబట్టి దానిని బాగుచేసుకోవాలి.

పాత పొయ్యిలో బిగించేవి రెండు రకాలు

మొదటిది ఇనుప జాలీ. రాజస్థాన్‌లోని ఉదయపూర్ ప్రాంతంలో 'మేవాడ్ అంగీఠీ' అనే పేరుతో ఇలాంటిది తయారు చేశారు. మూడు రాళ్ళ మధ్యగాని, మట్టి పొయ్యి లోపలగాని దీనిని దించుతారు. కట్టె నేలకు ఆనకుండా జాలీ మీద ఉంటుంది. అడుగునుండి గాలి తగిలి మంట బాగా వస్తుంది. కట్టె ఆదా అవుతుంది, పొగ తగ్గుతుంది. కానీ మిగిలిన పొగ ఇంట్లోనే ఉంటుందని మరువకండి.

రెండవది మూసిన గూడు, పొగగొట్టం ఉన్న పొయ్యి. ఇది మనకు కొత్త కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాశాలలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించి, పేద ఇళ్ళ వంటగదులు పొగ లేకుండా ఉండాలని 1953లోనే ఇంగ్లీషులో పుస్తకం రాశారు. మద్రాసులోని క్రైస్తవ సాహిత్య సంఘం దానిని ప్రచురించింది. తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారు మూడు పాత్రలు పెట్టే 'అస్త్ర ఒలె' తయారు చేశారు.

చలి దేశాలలో గోడలో కట్టిన పాత నిప్పుగూడులోకి ఇనుప పొయ్యిని జొనిపి బిగిస్తారు. వారు నేర్చుకున్న పాఠం మనకూ పనికి వస్తుంది. పాత పొగగూడు చాలా వెడల్పు. కొత్త పొయ్యినుండి వచ్చే కొద్దిపాటి పొగ దానిలో చల్లారిపోయి పైకి పోలేదు. తారులాగా గోడలకు అంటుకుని, ఒకనాడు అదే మండుతుంది. అందుకని వారు పొయ్యినుండి కప్పు పైదాకా సన్నని గొట్టం వేస్తారు. మన పాత ఇళ్ళలో కూడా గోడలో పొగగూడు ఉంటే, కొత్త పొయ్యి గొట్టాన్ని దాని లోపల సగంలో ఆపకండి. చివరిదాకా తీసుకుపోండి.

బిగించే విధానం

ఊరిలో పొయ్యిలు వేసే మనిషి గాని, మేస్త్రీ గాని ఉంటే వారిచేత చేయించండి. అయినా ఈ విషయాలు మీకు తెలిసి ఉండాలి.

1. ముందుగా వంట చేసే మనిషిని అడగండి. ఏ పాత్రలు వాడతారు, కూర్చుని వండుతారా నిలబడి వండుతారా, సంగటి ఎంతమందికి చేస్తారు? ఆమెకు నచ్చని పొయ్యి నెల తిరగకుండా మూలన పడుతుంది.

2. పాత పొయ్యిలోని బూడిద, వదులుగా ఉన్న మట్టి గీకి తీసివేసి, నీళ్ళు చల్లి తడపండి. పొడి మట్టికి కొత్త మట్టి అంటదు.

3. పుట్టమన్ను లేక ఎర్రమట్టి జల్లెడ పట్టి, కొంచెం ఇసుక, పేడ, సన్నగా తరిగిన వరిగడ్డి కలిపి రెండు రోజులు నానబెట్టి తొక్కండి. నల్లరేగడి ఒక్కటే వాడితే ఆరేటప్పుడు పగుళ్ళు వస్తాయి.

4. అడుగున రెండు అంగుళాల ఎత్తులో ఇనుప జాలీ బిగించండి. బూడిద క్రిందికి రాలాలి, గాలి పైకి రావాలి.

5. నిప్పుగూడు లోపలి వెడల్పు ఎనిమిది, తొమ్మిది అంగుళాలు చాలు. జాలీనుండి పాత్ర అడుగువరకు ఆరేడు అంగుళాలు ఉండాలి. కట్టెలు పెట్టే నోరు గూడుకంటే చిన్నదిగా ఉండాలి. నోరు పెద్దదైతే కట్టెలు ఎక్కువ తోస్తాం, పొగ మొహానికే వస్తుంది.

6. పాత్ర కూర్చునే రంధ్రాన్ని మీరు వాడే పాత్రతోనే కొలవండి. మట్టి తడిగా ఉన్నప్పుడు పాత్రను కూర్చోబెట్టి మెల్లగా తిప్పండి. చుట్టూ సందు లేకుండా అచ్చు పడుతుంది. ఆ సందే పొగకు దొంగదారి.

7. సంగటి గెలికేటప్పుడు పడే బలానికి మట్టి అంచు విరుగుతుంది. అంచులో ఒక ఇనుప కమ్మి వలయం పెట్టి మెత్తండి. లేదా సంగటి పాత్రను క్రిందికి దించి గెలకండి.

8. మొదటి రంధ్రంనుండి రెండవ రంధ్రానికి మూడు, నాలుగు అంగుళాల సొరంగం, కొంచెం పైకి ఏటవాలుగా ఉండాలి. రెండవ పాత్ర క్రింద మట్టి దిమ్మె కట్టి, పాత్రకు దిమ్మెకు మధ్య రెండు వేళ్ళ సందు వదలండి. వేడి పాత్రకు తగిలి పోతుంది.

9. చివర పొగగొట్టం. లోపలి వెడల్పు నాలుగు అంగుళాలు. వీలైనంత నిలువుగా ఉండాలి. కప్పు దాటిన చోటునుండి మూడు అడుగుల ఎత్తుకు పోవాలి. వాన పడకుండా పైన టోపీ పెట్టండి. అడుగున ఒక ఇటుకతో మూసే చిన్న కిటికీ ఉంచండి. మసి తీయడానికి అదే దారి.

10. కాల్చిన మట్టి, సిమెంటు కాంక్రీటు లేక ఇనుప రేకు గొట్టం వాడండి. ఆస్‌బెస్టాస్ గొట్టం కొత్తగా కొనవద్దు. పాతది ఉంటే రంపంతో కోయవద్దు, రంధ్రం వేయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని.

11. వారం, పది రోజులు నీడన ఆరనివ్వండి. మొదటి రెండు రోజులు చిన్న మంటే పెట్టండి.

బోద కప్పు ఉన్నవారు గమనించండి. పొగగొట్టాన్ని గడ్డిలోనుండి పైకి తీయవద్దు. నిప్పురవ్వ ఒక్కటి చాలు. పొయ్యిని పక్కన రేకుల పంచలోకి మార్చి, గొట్టాన్ని గడ్డికి దూరంగా పైకి తీసి, చివర ఇనుప వల కట్టండి.

సరిగా బిగిందా? పరీక్షించండి

పొయ్యి వెలిగించే ముందు ఒక కాగితం ముక్కను గొట్టం అడుగు కిటికీలో కాల్చి గొట్టాన్ని వేడి చేయండి. తరువాత పొయ్యి వెలిగించి, రెండు రంధ్రాల మీద పాత్రలు పెట్టండి. ఇప్పుడు వెలిగించిన ఒక అగరువత్తిని పొయ్యి నోటి దగ్గర పట్టుకోండి. దాని పొగ లోపలికి లాగితే పొయ్యి బాగున్నట్లు. బయటికి తోస్తే ఎక్కడో సందు ఉంది, లేదా గొట్టం పొట్టిగా ఉంది, లేదా మూసుకుంది.

ఒక్క వంటే చేస్తున్నా రెండవ రంధ్రం ఖాళీగా ఉంచకండి. నీళ్ళ గిన్నె పెట్టండి. పొగ ఇంట్లోకి రాదు, రోగి స్నానానికి వేడినీళ్ళూ దొరుకుతాయి.

మంచి పొయ్యి ఎందుకు మూలన పడుతుంది?

ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే. 1983 నుండి 2002 వరకు ప్రభుత్వం జాతీయ కార్యక్రమం క్రింద దేశమంతటా మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు పంచింది. చాలాచోట్ల అవి ఎక్కువకాలం నిలువలేదు. ఒడిశా పల్లెలలో పరిశోధకులు నాలుగేళ్ళు గమనించి చూశారు. పొగగొట్టం పొయ్యి పెట్టిన మొదటి ఏడాది వంట చేసేవారు పీల్చే పొగ తగ్గింది. తరువాత ఆ మేలు కనిపించలేదు. పగుళ్ళు మెత్తలేదు, గొట్టం శుభ్రం చేయలేదు, క్రమంగా వాడడం తగ్గించారు.

గ్వాటెమాలా దేశపు కొండ ఊళ్ళలో జరిగిన మరొక పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. అక్కడ పొయ్యిలు బాగా చూసుకున్నారు. అయినా పిల్లలలో మొత్తం న్యుమోనియా కేసులు తగ్గాయని గట్టిగా చెప్పలేకపోయారు. తీవ్రమైన న్యుమోనియా మాత్రం సుమారు మూడింట ఒక వంతు తగ్గింది. పొగ ఎంత తగ్గిస్తే అంత మేలు అని దీనివలన తెలుస్తుంది.

కాబట్టి పొయ్యి బిగించడం ఒక రోజు పని. దానిని నిలుపుకోవడం రోజూ పని.

రోజూ: బూడిద తీయండి. ఎండిన, మణికట్టు కంటే సన్నగా చీల్చిన కట్టెలే వాడండి. కంది కట్టె, పత్తి కట్టె అయినా బాగా ఎండాలి. ప్లాస్టిక్ కవర్లు, టైరు ముక్కలు వేయవద్దు.
వారానికి ఒకసారి: పొయ్యి అలికి, పగుళ్ళు మెత్తండి.
నెలకు ఒకసారి: పొయ్యి బాగా చల్లారాక, పొడవైన కర్రకు గోనెపట్ట చుట్టి గొట్టంలో మసి దులపండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. కప్పు ఎక్కే పని కాబట్టి ఇది ఇంటి మగవారు చేయాలి. వంట చేసే ఆమె మీదే అన్ని పనులూ వేయకండి.

"పొగ లేకపోతే దోమలు వస్తాయి కదా, కప్పుకు పురుగు పడుతుంది కదా" అని పెద్దవారు అంటారు. వారి మాటలో నిజం ఉంది. పొగకు పురుగులు తగ్గుతాయి. కానీ దోమలకు దోమతెర ఉంది. కప్పు గడ్డిని మార్చుకోవచ్చు. ఊపిరితిత్తిని మార్చుకోలేము.

నల్లమల అడవి పులుల అభయారణ్యం కాబట్టి కట్టెలకు దూరం పోవడం కష్టం, ప్రమాదం కూడా. కట్టె తక్కువ పట్టే పొయ్యి ఉంటే మోపు తేవడానికి పోయే రోజులూ తగ్గుతాయి.

డబ్బు లేకుండా ఈ రోజే చేయగలిగినవి

కొత్త పొయ్యి వేయడానికి పది, పదిహేను రోజులు పట్టవచ్చు. రోగి రేపే ఇంటికి వస్తున్నారా? అయితే ఇవి చేయండి.

1. రోగి మంచం పొయ్యికి దూరంగా, గాలి వచ్చే గదిలో వేయండి.
2. వంటప్పుడు పసిపిల్లలను, గర్భిణీలను పొయ్యి దగ్గర ఉంచవద్దు. బిడ్డను చంకన పెట్టుకుని వండవద్దు.
3. వాన లేనప్పుడు పొయ్యి వాకిట్లో పెట్టండి.
4. తలుపు, కిటికీ, గవాక్షి తెరవండి. పాత్రలకు మూత పెట్టండి. పప్పు ముందే నానబెట్టండి. మంట సమయం తగ్గుతుంది.
5. ఆయాసం ఉన్న మనిషిచేతే వంట చేయించకండి. "నేను చేయకపోతే ఎవరు చేస్తారు?" అని ఆమె అంటుంది. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు ఆ పని పంచుకోండి.

ఎప్పుడూ చేయకూడనివి

మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. బాలింత మంచం క్రింద కుంపటి పెట్టి తలుపులు మూసే అలవాటు ఉంది. పొగ కనిపించకపోయినా ఎర్రటి బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. తలనొప్పి, వాంతి, మగత, ఆపైన ప్రాణాపాయం. నిద్రలో ఉన్నవారికి తెలియదు. తల్లికి, బిడ్డకు దుప్పట్లు, టోపీ, తల్లి ఒంటి వెచ్చదనం చాలు.

ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు గాని, ఆక్సిజన్ మిషను గాని వాడుతుంటే ఆ గదిలో పొయ్యి, దీపం, అగరువత్తి, బీడీ ఏదీ ఉండకూడదు.

పొయ్యి మార్చాం కదా అని మందులు మానవద్దు. పీల్చే మందును డాక్టరు గారు చెప్పినన్నాళ్ళు వాడండి.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన గుర్తులు

పెద్దవారికి: మాట్లాడలేనంత ఆయాసం, పెదవులు నీలమవడం, మగతగా ఉండడం, కాళ్ళవాపు, కళ్ళెలో రక్తం.

పిల్లలకు: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలలనుండి ఏడాదిలోపు 50, ఏడాదినుండి అయిదేళ్ళవరకు 40 లేక అంతకు మించితే న్యుమోనియా కావచ్చు. ఊపిరి తీసుకున్నప్పుడు డొక్కలు లోపలికి లాగినా, పాలు త్రాగలేకపోయినా ఆలస్యం చేయవద్దు.

జ్ఞాపకం ఉంచుకోండి

పాత్రకు సందు ఉండకూడదు. మట్టికి పగులు ఉండకూడదు. గొట్టంలో మసి ఉండకూడదు. ఈ మూడూ చూసుకుంటే మీ పాత పొయ్యే మంచి పొయ్యి అవుతుంది.

ఇంటివారందరూ కలిసి మాట్లాడుకోండి

1. మన ఇంట్లో వంట పొగ ఏ దారిన బయటికి పోతోంది? వాన రోజున ఎటు పోతుంది?
2. రోజులో ఎన్ని గంటలు, ఎవరు పొయ్యి ముందు ఉంటున్నారు? వారికి దగ్గు ఉందా?
3. నెలకు ఒకసారి గొట్టం శుభ్రం చేసే బాధ్యత ఎవరిది? వారి పేరు ఇప్పుడే అనుకోండి.